బెజ్జాల్లో నిలవని రాగి

సోమవారం. బోర్డు: పాతది

కింది బాయి ఫ్యాన్ బోర్డు ఇవాళ చచ్చిందని ఓవర్‌మెన్ రాజలింగు ప్రకటించాడు. ఆ మాట వర్క్‌షాప్ లాగ్ బుక్కులో తప్పకుండా రాయమన్నాడు గనక రాస్తున్నాను. నన్నడిగితే అది చచ్చి చాలా కాలమైంది. ఇన్నాళ్లూ దానికి ఊపిరూది లేపుతున్నది నేను. ఇక లేపడం నా వల్ల కాదు.

పొద్దున్నే బట్టలు ఆరేయడానికి బాయి మూతి దాకా పోయాను. చీర ఒక కొస దండెం మీద వేసి రెండో కొస సర్దేలోపు మొదటి కొస ఆరిపోయింది. పొద్దు ఇంకా పూర్తిగా పొడవనే లేదు. పొద్దెక్కాక మూతి దాటి పోయినవాళ్లు తిరిగి రావడం మా అమ్మ కాలంలో ఉండేదట. నేను బట్టలు మడిచి చంకన పెట్టుకుని పరుగున లోపలికి వచ్చేశాను. లోపల చల్లదనానికి కొదవ లేదు. కొదవంతా గాలికే.

మా తాతలు బొగ్గు తవ్విన గనిలోనే మా కాపురాలు. మీది బాయిలో మేము, మెట్లు దిగితే కింది బాయిలో నా చెల్లెలు సువర్ణ వాళ్లు. రెండింటికీ చెరొక ఫ్యాన్, దాన్ని నడిపే చెరొక సర్క్యూట్ బోర్డు. ఫ్యాన్ ఆగితే ముందు గాలి చూసే దీపం మసకబారుతుంది, ఆ తర్వాత మనుషులు.

కింది బాయి ఫ్యాన్ ఖలాసీ తిరుపతి, సువర్ణ మొగుడు. బోర్డు పడిపోయినప్పుడల్లా అతను పక్కనున్న లివరు చేత్తో నొక్కి పట్టుకుంటాడు. పట్టుకున్నంతసేపూ ఫ్యాన్ సగం వేగంతో తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. తాడుతో కట్టేసి ఊరుకుందామంటే కుదరదు, మోటారు వేడి చూసుకుంటూ నొక్కుతూ వదులుతూ ఉండాలి. లోపలున్న ఆఖరి మనిషి మెట్లెక్కేదాకా ఖలాసీ లివరు వదిలి రాకూడదని మా గనుల్లో కట్టుబాటు. అంటే కింది బాయిలో గాలి చెడిన రోజున అందరికంటే వెనక బయటపడాల్సినవాడు నా మరిది. ఈ సంగతి మేం అక్కాచెల్లెళ్లం ఎప్పుడూ నోరు తెరిచి మాట్లాడుకోలేదు.

కొత్త బోర్డు నేనే చేయాలి. బయట బోర్డులు చేసేవాళ్లు ఎక్కడైనా మిగిలారో లేదో మాకు తెలియదు. మిగిలినా, మేం మిగిలామని వాళ్లకు తెలియదు.

బుధవారం. బోర్డు: మొదటిది, సగంలో ఉంది

ఇంత చిన్న అట్టముక్కకు ఇన్ని రోజులెందుకని రాజలింగు నా బల్ల పక్కన నిలబడి అడిగాడు. ఓవర్‌మెన్ అంటే ఒకప్పుడు గనిలో షిఫ్టుకు పెద్ద, ఇప్పుడు ఊరికి పెద్ద. తాత నుంచి పదవితో పాటు ఆ టోపీ కూడా వచ్చింది. బుర్ర మాత్రం ఎవరి నుంచి వచ్చిందో తెలియదు.

అయినా చెప్పాను. రెండు పొరల బోర్డయితే బెజ్జంలో సన్నతీగ దూర్చి అటూ ఇటూ టంకం పెట్టి చేతులు దులుపుకుంటాను. ఇది నాలుగు పొరలది. పైపొర, అడుగుపొర కంటికి కనబడతాయి. మధ్య రెండూ గాజునార పలకలో పూడుకుని ఉంటాయి, టంకం వాటి దాకా పోదు. నాలుగింటినీ కలిపేది బెజ్జం లోపలి గోడ ఒక్కటే. ఆ గోడకు పైనుంచి కిందిదాకా రాగి పట్టాలి. గోడేమో గాజునార. దానిలోంచి కరెంటు పారదు, కరెంటు పారనిదానికి రాగి పట్టదు. అందుకని పాత బ్యాటరీ సెల్లుల్లోని నల్లకడ్డీలు కాటుకంత మెత్తగా నూరి, తుమ్మజిగురులో కలిపి, ఒక్కో బెజ్జంలోంచి ఊదుతాను. అది ఆరి గోడకు అంటుకున్నాక బోర్డును మైలుతుత్తం నీళ్ల తొట్టిలో దించుతాను. నీళ్లలో బ్యాటరీ యాసిడ్ ఉంటుంది. ఒక పక్క బోర్డు, ఇంకో పక్క రాగి ముక్క. సన్నగా కరెంటు ఇస్తే ముక్కలోని రాగి కరిగి, నీళ్లలోంచి నడిచివెళ్లి బెజ్జాల్లో కూర్చుంటుంది. తొందరపెడితే అంచుల మీదే గడ్డకడుతుంది, లోపలికి దిగదు.

అంతా విని, ఆ ఊదేదేదో జర జోరుగా ఊదరాదా అన్నాడు.

ఇదే బోర్డును ఇంతకు ముందు రెండు పొరల కింద విడగొట్టి చేయడం కూడా అయింది. బారెడు పొడుగు వచ్చింది. మోటారు ఉలిక్కిపడ్డప్పుడల్లా అదీ ఉలిక్కిపడి ఫ్యాన్ ఆపేసేది. దాన్ని ఇప్పుడు పీటగా వాడుతున్నాను.

అసలు కష్టం రాగి. ఇన్నాళ్లూ గోడల్లోంచి పీకిన కేబుళ్ల రాగితో నెట్టుకొచ్చాను. తొట్టిలో వేలాడదీసిన చివరి చుట్ట సగం బోర్డుకే అరిగిపోయి పోగులు పోగులుగా రాలింది. నడుస్తున్న కేబుళ్లు తప్ప పీకడానికి ఇంక కేబుళ్లు లేవు. బెజ్జాలు కొన్ని ఎర్రగా, కొన్ని నల్లగా ఉండిపోయాయి. ఏడుపొచ్చింది. ఏడిస్తే తొట్టిలో నీళ్లు పల్చబడతాయని నా మీద నేనే జోకేసుకుని మానేశాను.

శనివారం. బోర్డు: లేదు

సువర్ణ మెట్లెక్కి వచ్చింది. నాకు పుట్టగొడుగుల కూర తెచ్చింది. రాగి లేదని చెప్పాను. మనసులో అనుకోవాల్సింది పైకే అనేశాను, తిరుపతిని ఇక దేవుడే చూసుకోవాలని. చెల్లెలి ముఖం చూశాక నాలుక కొరుక్కున్నాను.

అది మాత్రం ఏడవలేదు. కింది బాయిలో ప్రతి ఇంట్లోనూ రాగి ఉంది కదా అంది. నిజమే. నీళ్ల బిందెలు, చెంబులు, పెళ్లిళ్లకు వండే గంగాళాలు. అన్నీ ముత్తవ్వల నాటివి. ఒకే ఒక్క చెంబుతో నాలుగు తరాలు నీళ్లు తాగిన ఇళ్లున్నాయి. వాటిని అడగడానికి నాకు నోరు రాలేదు. తనే అడుగుతానంది.

"నువ్వు రాగి గురించి ఫికరు పడకు అక్కా. ఎట్ల తేవాల్నో అట్ల తెస్త. నువ్వు బోర్డు చూసుకో."

దానికి మా అమ్మ పోలిక. ఊళ్లో ఎవరింట్లో చావైనా పెళ్లైనా వంటింట్లోకి దూరి అందరి పనీ తన నెత్తిన వేసుకుంటుంది. నాకు నాన్న పోలిక. మూలన కూర్చుని సణుగుతాను.

గురువారం. బోర్డు: రెండోది

రాగి వచ్చింది.

కింది బాయి వాళ్లు ఇంట్లో ఒక్క చెంబు కూడా ఉంచుకోకుండా ఇచ్చారట. అక్కడే ఖాసిం చాచా కొలిమిలో కరగబోసి కడ్డీలుగా పోశాడు. గిన్నెలకు కళాయి పెట్టడం వాళ్ల ఇంటి పని, ఇప్పుడు కొలిమి అంటే ఊరంతటికీ అతనొక్కడే. సువర్ణ కడ్డీలను కొత్త గుడ్డలో చుట్టి, పసుపు బొట్లు పెట్టి, నెత్తిన మోసుకొచ్చింది. వెనక ఆడవాళ్లు బారులు తీరి వచ్చారు. సారె తెచ్చినట్టుంది. రాజలింగు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతని నెత్తిన జుట్టు లేదని అప్పుడు తెలిసింది.

ఈసారి బోర్డు తప్పనిసరిగా నిలబడుతుందని అందరి ముందూ అనేశాను. అది అనకుండా ఉండాల్సింది.

చాచా కూడా వచ్చాడు. నా దగ్గర టంకానికి తగరం అయిపోయింది, ఉంటే ఇంత ఇవ్వమని అడిగాను. దాచుకున్నదంతా ఖర్చయిందన్నాడు. ఎక్కడ ఖర్చు పెట్టావని గదమాయిస్తే నవ్వి, "మంచి పనికే పోయింది బిడ్డా" అని సువర్ణ వైపు చూశాడు. అది కూడా నవ్వింది. ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. నాకు కోపం వచ్చింది. ఊరికి బోర్డు చేసేదాన్ని నేను, నాకు లేని తగరం ఇంకెవరికి? సరే, పాత బోర్డుల మీది టంకం గీకి కరిగించుకున్నాను.

సోమవారం. బోర్డు: రెండోది

తొట్టిలోంచి తీసి కడిగి చూస్తే అన్ని బెజ్జాల్లోనూ రాగి ఉంది. కాస్త గరుకుగా, ముదురు రంగులో ఉంది, మెరుపు లేదు. కరెంటు ఎక్కువైందేమో అనుకున్నాను. మీటరు పెట్టి ఒక్కో బెజ్జం చూశాను. అన్నీ పలికాయి. చిప్పులు టంకం పెట్టి తిరుపతి చేతికిచ్చాను.

పొద్దుటి నుంచి కింది బాయి ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతోంది. గాలి మెట్ల మీదుగా నా వర్క్‌షాప్ దాకా వస్తోంది. గోడకు తగిలించిన గుడ్డ ఊగుతోంది. ఊగే గుడ్డను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఇలా పనీపాటా లేకుండా కూర్చుని ఎన్నాళ్లైందో.

మంగళవారం. బోర్డు: రెండోది

పడిపోయింది.

మోటారు వేడెక్కగానే ఆగింది. తిరుపతి లివరు పట్టుకున్నాడు. బోర్డు చల్లారాక మళ్లీ నడిచింది, మళ్లీ వేడెక్కి మళ్లీ ఆగింది. నా బల్ల మీదికి తెచ్చి చూస్తే ఒక్క తప్పు దొరకదు, మీటరు అన్నిచోట్లా పలుకుతుంది. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిమంతురాలు, వేడెక్కితే మొండికేస్తుంది. చివరికి వేడి పెనం మీద పెట్టి మీటరు ఆనించి చూశాను. బెజ్జాలు ఒకదాని తర్వాత ఒకటి మూగబోయాయి.

భూతద్దం కింద కోసి చూశాను. రాగి గోడకు పట్టింది. కానీ అంచు దగ్గర, మెడ మీద, చుట్టూ సన్నటి పగులు. మంచి రాగి సాగాలి. పలక వేడికి ఉబ్బినప్పుడు దానితో పాటు సాగి, చల్లారినప్పుడు మళ్లీ దగ్గరకు రావాలి. ఈ రాగి సాగడం లేదు. అప్పడంలా విరుగుతోంది.

శుక్రవారం. బోర్డు: మూడోది

కరెంటు సగానికి తగ్గించాను. నల్లపూత రెండుసార్లు ఊదాను. తొట్టిలో నీళ్లు కదులుతుండాలని చెక్కతో మెల్లగా కలుపుతూ కూర్చున్నాను. పాలు విరిగినట్టు తొట్టి అడుగున తెల్లటి మడ్డి చేరుతోంది. దుమ్మేమో అనుకుని ధోవతి గుడ్డలో వడగట్టాను. మర్నాటికి మళ్లీ చేరింది.

మూడో బోర్డు కూడా పెనం మీద మూగబోయింది.

నేనేం తప్పు చేస్తున్నానో నాకు తెలియడం లేదు. కేబుళ్ల రాగితో చేసినప్పుడు ఇలా కాలేదు. చెయ్యి అదే, తొట్టి అదే. నా చెయ్యి పాడైందేమోనని అద్దం కింద నా వేళ్లే చూసుకున్నాను. ఈ పని నాకు రాదు. వచ్చని ఇన్నాళ్లూ ఊరిని నమ్మించాను, నన్ను నేనూ నమ్మించుకున్నాను.

సోమవారం. బోర్డు: నాలుగోది

పెనం. మూగ.

బుధవారం. బోర్డు: నాలుగోది

రాజలింగు వచ్చాడు. లాగ్ బుక్కులో బోర్డు పని చేస్తోందని రాయమన్నాడు. కింది బాయి జనం భయపడుతున్నారట, అందరూ ఒక్కసారి మీదికి ఎక్కితే మీది బాయి ఫ్యాన్ ఇంతమందికి సరిపోదట. అది నిజమే. మా ఫ్యాన్ మాకే చాలీచాలకుండా ఉంది. దాని బోర్డు కూడా ఆ కాలానిదే.

రాయనన్నాను. బోర్డు నిలవదు, జనాన్ని మీదికి తెమ్మన్నాను. అతను అరిచాడు, నేనూ అరిచాను. ఆఖరికి, ఈసారి ఫ్యాన్ ఆగితే అందరినీ మీదికి ఎక్కించాలని ఒప్పుకున్నాడు. ఈ ఒక్కసారికి అతన్ని తిట్టను.

సాయంత్రం తిరుపతి వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. గడప దగ్గరే కూర్చుని అరచేతులు చూపించాడు. లివరు పట్టి పట్టి కాయలు కాసి, కాయలు పగిలాయి. వెన్న రాసుకోమన్నాను. వెన్న ఎక్కడుందని నవ్వాడు. ఇంకెన్నిసార్లు చేస్తే బోర్డు అవుతుందని అడిగాడు. తెలియదని చెప్పాను. నా ఏడుపు అతని ముందే ఏడ్చాను, నా వల్ల కాదు, నువ్వు సువర్ణను తీసుకుని ముందే మీదికి వచ్చెయ్ అన్నాను.

"నేనొస్తే లివరు ఎవలు పడ్తరు వదినె?" అన్నాడు. "నువ్వు చేసుకుంట పో. నువ్వు చేసేదాంక నేను పడ్త."

ఐదో బోర్డు అప్పుడే తొట్టిలో దించాను.

ఆదివారం

ఫ్యాన్ తెల్లవారక ముందే ఆగింది. గంట కొట్టారు. జనం మెట్లెక్కుతుంటే నేను పైమెట్టు దగ్గర నిలబడి ఒక్కొక్కరి చెయ్యి పట్టి లాగాను. ముసలివాళ్లను మంచాల మీద మోసుకొచ్చారు. సువర్ణ పొరుగింటి అవ్వను భుజాన వేసుకుని వచ్చింది. తిరుపతే దాన్ని పంపించాడట, అవ్వను ఎక్కించి మెట్ల దగ్గరే ఉండు, నేనొస్తానని.

అందరూ వచ్చారు. కింద ఫ్యాన్ శబ్దం సగం వేగంతో వినబడుతూనే ఉంది. ఆఖరి మనిషి ఎక్కాడని గంట కొట్టి చెప్పాం. శబ్దం ఆగింది. లివరు వదిలాడని అర్థం. మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాం.

దీపం కట్టి తాడుతో కిందికి దించితే సగంలోనే ఆరిపోయింది. ఇద్దరు మనుషులు ముక్కులకు తడిబట్ట కట్టుకుని దిగి, తూలుతూ వెనక్కి వచ్చారు. తిరుపతి ఫ్యాన్ గది తలుపు దగ్గర పడున్నాడట. అక్కడి దాకా పోలేకపోయారు. లేపడానికి కాదు గదా, తేవడానికి కూడా గాలి లేదు.

చెడుగాలి మెట్ల మీదుగా మీది బాయిలోకి పాకుతోందని రాజలింగు తలుపు మూయించాడు. అతని తప్పేమీ లేదు. సందుల్లో మట్టి మెత్తాలి. ఆడవాళ్లం మెత్తాం. సువర్ణ కూడా మెత్తింది. ఎవరూ దాన్ని ఆపలేదు. చివరి ముద్ద అద్దాక అరచెయ్యి తలుపుకే ఆనించి ఉంచింది. నేనే వెనక్కి లాగాను.

ఐదో బోర్డు పెనం మీద పెట్టి చూడలేదు. చూడను.

తేదీ రాయలేదు

చాలా రోజులు ఈ పుస్తకం ముట్టలేదు. కింది బాయి జనం మా ఇళ్ల నడవల్లో పడుకుంటున్నారు. గాలి మందంగా ఉంది. పిల్లలు ఆడకుండా కూర్చుంటున్నారు. మీది బాయి ఫ్యాన్ కూడా ఒకసారి ఆగి నడిచింది. దాని బోర్డు కూడా అదే, నాలుగు పొరలది. ఇది ఆగితే ఎక్కడానికి ఇంకో బాయి లేదు. బాయి మూతి ఉంది, మూతి బయట ఎండ ఉంది.

అందుకని బతికున్నవాళ్ల కోసం బల్ల దగ్గర కూర్చున్నాను. కూర్చోవడానికి ఏ ఉత్సాహమూ లేదు. నా చెల్లెలి మొగుణ్ణి చంపిన బెజ్జాలు ఇవి, మళ్లీ వీటిలోకే ఊదుతున్నాను. పొద్దున లేచి ముఖం కడుక్కోవడం కూడా ఎందుకనిపిస్తోంది.

మిగిలిన కడ్డీ ఒకటి తొట్టిలో వేలాడదీయడానికి వంచబోయాను. వంగలేదు. బలంగా నొక్కితే పుటుక్కున విరిగి ఒక ముక్క నేల మీద పడింది. పడి మోగింది.

రాగి మోగదు. మెత్తటిది, కింద పడితే దబ్బుమని ఊరుకుంటుంది. ఇది కంచు పళ్లెంలా మోగి, మోత గదంతా తిరిగింది. ముక్క తీసి, విరిగినచోట చూశాను. ఎరుపులో తెలుపు. ఆకురాయితో రాస్తే కీచుమంది. రాగిలో తగరం కలిస్తే కంచు అవుతుంది. తొట్టి అడుగున తెల్లమడ్డి తగరమే. తగరం కలిసిన నీళ్లలోంచి ఎక్కిన రాగి గరుకుగా, పెళుసుగా ఎక్కుతుంది, వేడికి మెడ విరుగుతుంది.

నా చెయ్యి మంచిదే. తెలిసి కూడా సంతోషం లేదు. రాగి చెంబుల్లోకి అంత తగరం ఎలా వచ్చిందో మాత్రం అర్థం కాలేదు. చాచా మూస సరిగ్గా కడగలేదేమో అనుకుని, అతన్ని నాలుగు తిట్టాలని బయల్దేరాను.

అదే రోజు

చాచా ఇప్పుడు మా పాత స్టోర్ రూములో కొలిమి పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

గోడ వారగా మీది బాయి ఇళ్ల బిందెలు, చెంబులు, గంగాళాలు వరసగా బోర్లించి ఉన్నాయి. మా కొత్త బోర్డు కోసం మా వాళ్లు ఇచ్చినవి. అన్నీ చింతపండుతో తోమి ఎర్రగా మెరుస్తున్నాయి. మధ్యలో సువర్ణ కూర్చుని ఉంది. చాచా ఒక చెంబును నిప్పుల మీద తిప్పుతున్నాడు. సువర్ణ నవసాగరం పొడి చల్లి గుడ్డ అందిస్తోంది. అతను తగరం అద్ది గుడ్డతో ఒక్క రుద్దు రుద్దగానే చెంబు లోపలంతా వెన్నెల పడ్డట్టు తెల్లబడింది.

కళాయి.

మా కింది బాయిలో ఒక కట్టుబాటు ఉంది. నేనూ అక్కడే పుట్టాను, నాకూ తెలుసు. పాత్ర ఇంకొకరికి ఇస్తే, పెళ్లికైనా దేవుడికైనా, కొత్త కళాయి పెట్టించి ఇవ్వాలి. కళాయి పోయిన గిన్నె ఇవ్వడం చిరిగిన చీర పెట్టినట్టు. కానీ కరగబోసే గిన్నెకు కూడా ఎవరైనా కళాయి పెడతారా? నా బుర్రకు ఎన్నడూ తట్టలేదు. వాళ్లకు తట్టింది. ఊరి ప్రాణానికి ఇచ్చే పాత్ర ఉత్తగా ఎలా ఇస్తామనుకున్నారు. ఇంటింటా దాచుకున్న తగరమంతా పోగుచేసి, ప్రతి చెంబుకూ దగ్గరుండి కళాయి పెట్టించి, ఆ తర్వాతే కరగబోయించింది నా చెల్లెలు. నాకు టంకానికి దొరకని తగరం అందులోకే పోయింది.

నన్ను చూసి సువర్ణ చెంబు ఎత్తి చూపించింది. మట్టి మెత్తిన రోజు తర్వాత దాని ముఖంలో కాస్త వెలుగు చూడటం అదే మొదటిసారి. మీది బాయి వాళ్లకు ఈ పద్ధతి తెలియదట, ఉత్త గిన్నెలే ఇచ్చారట, తనే చాచాను బతిమాలి మొదలుపెట్టించిందట. ఈసారి బోర్డు నిలవాలని.

వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. చెప్పకుండా ఉండటానికి దారి ఏదైనా ఉందా అని వెతికాను. చాచాను ఒక్కణ్ణే పక్కకు పిలిచి మెల్లగా చెబితే? దాని చేతిలో నవసాగరం ఉంది, దాని ముందు గిన్నెల వరస ఉంది. గీకించాలన్నా మానిపించాలన్నా ఎందుకని అడుగుతుంది. అబద్ధం చెప్పడం నాకు రాదు, చెప్పినా అది నమ్మదు. చెప్పకపోతే ఇంకో ఊరు మొత్తం ఉంది ఈ ఫ్యాన్ కింద.

దాని ముందు నేల మీద కూర్చున్నాను.

"సువర్ణా, కళాయి పెట్టకు. పెట్టింది గూడ గీకెయ్యాలె."

"ఎందుకక్కా?"

"తగరం కలిస్తే రాగి బెజ్జంల నిలువది. వేడికి ఇరుగుతది."

చాచా చేతిలో చెంబు ఆగింది. సువర్ణ నన్నే చూస్తోంది. దానికి అర్థమవుతున్న కొద్దీ నేను చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. ఈ జన్మలో నేను చేసిన పనులన్నింటిలోకీ కష్టమైన పని అదే.

"మొదటిదాంట్ల గూడ కలిసిందా?" అని అడిగింది.

"కలిసింది."

చాచా కొలిమి తిత్తి వదిలేశాడు. నిప్పులు మెల్లగా నల్లబడ్డాయి.

"ఆయన చెంబుకు రెండుసార్లు పెట్టిచ్చిన," అంది సువర్ణ. "ఇంకింత మంచిగుండాలని."

దాని చెయ్యి పట్టుకోబోయాను. చెయ్యి విడిపించుకుంది. కోపంగా కాదు, చెయ్యి కావాలి గనక. చాచా చేతిలోంచి చెంబు తీసుకుంది. ఇంకా వేడిగానే ఉంది, కొంగు చుట్టి పట్టుకుంది. మూలనున్న ఇసుకలోంచి గుప్పెడు తీసి లోపల పోసి, కొబ్బరి పీచుతో రుద్దడం మొదలుపెట్టింది. ఏడవలేదు. నా వైపు మళ్లీ చూడలేదు.

నేనూ ఒక బిందె తీసుకుని పక్కన కూర్చున్నాను. ఇద్దరమూ గీకుతున్నాం. గోళ్లలోకి ఇసుక పోతోంది. చాచా చేతి కళాయి, ఎంత గీకినా ఊడి రావడం లేదు.